సంఘ కుటుంబము: చేతులెత్తక ముందు



పేరు లేని ఉత్తరాలకు ఈ పేజీలో జవాబు రాయకూడదన్నది మేము చాలాకాలముగా పాటిస్తున్న నియమము. ఈ నెల దానిని పక్కన పెట్టాము. హనుమకొండ చుట్టుపక్కల పల్లె నుండి వచ్చిన ఒక ఉత్తరము మమ్మును అట్లు చేయించినది. రాసినవారు తమ పేరు ఎందుకు రాయలేదో ఉత్తరములోని సంగతి వినగానే మీకే తెలియును.

ఆయన తాపీ పని చేసుకొను సోదరుడు. బాప్తిస్టు సంఘములో సభ్యుడు. మూడేండ్ల క్రితము కుమార్తెను నర్సింగు చదువులో చేర్చుటకు అదే సంఘములోని ఒక పెద్దమనిషి దగ్గర 50,000 రూపాయలు అప్పు తీసుకున్నాడు. వడ్డీ నూటికి మూడు రూపాయలు. అనగా నెలకు 1,500. ముప్పదియారు నెలలు తప్పకుండా కట్టాడు. లెక్క వేసి చూచుకుంటే వడ్డీ 54,000 అయినది. అసలు యాభై వేలు అట్లే నిలిచియున్నది. ఇంటి కాగితాలు ఆ పెద్దమనిషి బీరువాలో ఉన్నవి.

ఇప్పుడు వచ్చిన చిక్కు ఏమనగా, ఆ పెద్దమనిషి పేరును ఈ యేడు పరిచారకుల జాబితాలో ప్రతిపాదించుచున్నారు. కొత్త గుడికి స్లాబు వేయించినది ఆయనే గనుక కాదనేవారు లేరు. జనవరిలో సర్వసభ్య సమావేశము. వారి సంఘములో ఎన్నిక చేతులెత్తి జరుగును. "చెయ్యి ఎత్తితే నా మనసు ఒప్పుకోదు. ఎత్తకపోతే ఆయన ఎదురుగానే కూర్చుంటాడు, చూస్తాడు. మరునాడే అసలు కట్టమంటే నేనెక్కడికి పోవాలి?" అని రాశారు. చివర ఇంకొక మాట చేర్చారు: "అయినా ఆయన చెడ్డవాడని చెప్పలేనండి. మా పాపకు ఫీజు కట్టవలసిన రోజు సంఘములో ఇంకెవరూ ఇవ్వలేదు."

ఈ చివరి మాట దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాము. దాని దగ్గరకు మరల వచ్చెదము.

పరిచారకుడు అంటే ఎవరు? వాడుకలో డీకను అంటున్నాము. ఆదివారము తెల్లచొక్కా వేసుకొని కానుక సంచి పట్టుకొనువాడనీ, ప్రభువు బల్ల రోజున రొట్టె, ద్రాక్షారసము అందించువాడనీ, పాస్టరుగారి జీతము తేల్చువాడనీ మన పిల్లలు అనుకొందురు. పిల్లలే కాదు, కొందరు పరిచారకులు కూడ అంతే అనుకొందురు. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయమునకు వెళ్ళి చూస్తే సంగతి వేరుగా కనబడును. యెరూషలేములో ప్రతిదినము జరుగు ఆహార పంపకములో గ్రీకు భాష మాటలాడు యూదుల విధవరాండ్రను మరచిపోతున్నారని సణుగు పుట్టినది. అపొస్తలులు ఆ సణుగును అణచివేయలేదు. ఇవి చిన్న సంగతులని తోసివేయలేదు. సంఘమంతటిని పిలిచి ఏడుగురిని ఎన్నుకొమ్మన్నారు. ఆ ఏడుగురి పేర్లు మరొకసారి చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నియు గ్రీకు పేర్లే. ఎవరి విధవరాండ్రకు అన్యాయము జరిగినదో వారి పక్షమువారి చేతికే ఆ సంఘము గంపను అప్పగించినట్లు తోచుచున్నది. మన ఎన్నికలలో ఇట్లు జరుగుట మేము తరచుగా చూడలేదు.

ఆ అధ్యాయములో వారికి పరిచారకులు అన్న బిరుదు లేదని పండితులు చెప్పుదురు, అది నిజమే. కాని భోజనపు బల్ల దగ్గరి పనికిని, వాక్యము ప్రకటించు పనికిని గ్రీకులో వాడినది పరిచర్య అనే ఒకే మాట. ఒకటి గొప్పది, ఒకటి తక్కువది అన్న భేదము ఆ మాటలో లేదు.

యోగ్యతల సంగతి మొదటి తిమోతి మూడవ అధ్యాయములో ఉన్నది. అధ్యక్షునికిని పరిచారకునికిని పౌలు చెప్పిన గుణములు చాలావరకు ఒకటే. అధ్యక్షునికి బోధించు నేర్పు ఉండవలెనన్నాడు, పరిచారకునికి అది అడుగలేదు. అడిగినవి ఇంటికి, నాలుకకు, చేతికి సంబంధించినవి. ఈ ఇంట ఒకమాట ఆ ఇంట ఒకమాట చెప్పరాదు. త్రాగుడు మీద ఆశ ఉండరాదు. (కల్లు సంగతి అడుగుచు మాకు చాలా ఉత్తరాలు వచ్చును; దానికి వేరుగా ఒక నెల కావలెను.) నీచమైన లాభమునకు చేయి చాచరాదు. తన ఇంటివారిని చక్కగా నడుపుకొనవలెను. వీటన్నిటి మధ్య ఒక చిన్న షరతు ఉన్నది. మన సంఘాలు ఎక్కువగా దాటవేయునది అదే. మొదట పరీక్షింపబడవలెను, నిందారహితుడని తేలిన తరువాతనే పనిలో పెట్టవలెను. మన దగ్గర మొదట పదవి ఇచ్చి, ఆ తరువాత అయిదేండ్లు సంఘమే పరీక్షకు గురియగుచున్నది.

బాప్తిస్టులు తొలినుండియు ఈ పనిని ఎట్లు చూచినారో తెలిసికొనుట మంచిది. ఇంగ్లాండు నుండి ఆమ్‌స్టర్‌డాము వెళ్ళి తలదాచుకొన్న తామస్ హెల్విస్ గారి చిన్న గుంపు 1611లో తమ విశ్వాస ప్రకటనను వెలువరించినది. అందులో సంఘమునకు రెండు విధముల పనివారున్నారని రాసికొన్నారు: పెద్దలు, పరిచారకులు. పరిచారకుల పని ఏమని రాశారు? బీదలైన, బలహీనులైన సహోదరుల అక్కరలు తీర్చుట. ఆస్తులు, ప్రహరీ గోడలు, జీతములు అక్కడ లేవు. ఇంకొకటి, పరిచారకులలో పురుషులును స్త్రీలును ఉందురని ఆనాడే రాశారు. నాలుగు వందల యేండ్లు దాటినది.

మన తెలుగు బాప్తిస్టుల చరిత్రలో ఈ విషయము గట్టిగా కనబడునది కరవు రోజులలో. 1876 నుండి 1878 వరకు వచ్చిన ధాత కరవును గూర్చి మన తాతముత్తాతలు చెప్పగా విన్నవారు ఇప్పుడు మిగిలియుండరు. ఒంగోలులో క్లౌ దొరగారు ఆ కరవులో బకింగుహాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ళ పనిని కాంట్రాక్టు తీసికొన్నారు. మిషనెరీ కాకమునుపు ఆయన భూములు కొలుచు పని చేసినవారు గనుక ఆ పని ఆయనకు కొత్త కాదు. మేస్త్రీలుగా ఎవరిని పెట్టారు? తన తెలుగు బోధకులను. కూలీలను కసిరి కొట్టి, కూలిలో కోత పెట్టుట మామూలైన రోజులవి. ఈ మూడున్నర మైళ్ళలో మాత్రము చేసిన పనికి పూర్తి కూలి చేతిలో పడుచున్నదని పల్లెపల్లెకు తెలిసినది. మధ్యాహ్నము చెట్టు నీడన కూర్చున్నప్పుడు ఆ మేస్త్రీలే యేసును గూర్చి చెప్పెడివారు. యెరూషలేములో అపొస్తలులు బల్ల పనిని వేరొకరికి అప్పగించినారు, ఒంగోలులో బోధకులే బల్ల పనికి దిగినారు. అయినను ఎవరును చెడిపోలేదు. ఎందుకనగా డబ్బు వారి చేతులలో నుండి దాటిపోయినది గాని వారి చేతులకు అంటుకొనలేదు.

ఇంకొక సంగతి. బాప్తిస్మము కోరి వేలమంది వచ్చినను, కూలి డబ్బు కోసము, గింజల కోసము వచ్చినారేమోనని క్లౌ దొరగారు కరవు సహాయము నడిచినంతకాలము వారిని చేర్చుకొనలేదు. ఒక సంవత్సరమునకు పైగా ఆపినారు. సహాయము ఆగిన తరువాతను జనులు వచ్చుట మానలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినారు. ఆ సంఖ్యను మనము ప్రతి వార్షికోత్సవములో చెప్పుకొందుము. దానికి ముందు గడిచిన ఆ నిరీక్షణ కాలమును మాత్రము చెప్పుకొనము. మొదట పరీక్షింపబడవలెనన్న మాట అక్కడ ఆచరణలో కనబడుచున్నది.

నైజాము సీమలో పని ఆ తరువాత ఊపందుకొన్నది. సికింద్రాబాదులో 1875లో, మన హనుమకొండలో 1879లో మిషను స్టేషనులు తెరిచారు. పల్లె సంఘాలకు పాస్టర్లు లేరు. వాడలోని పెద్దమనుషులే కూటములు పెట్టి, తగవులు తీర్చి సంఘమును కాచుకొన్నారు. పెద్దల పంచాయితీ అలవాటు మనవారికి ముందే ఉన్నది. క్లౌ దొరగారు ఒంగోలు ప్రాంతములో దానిని కొట్టివేయక వాడుకొన్నారు. ఆ కాలమునకు అది మేలే చేసినది. కాని దానితోపాటు ఒక అలవాటు కూడ లోపలికి వచ్చినదని మా అభిప్రాయము. పరిచారకుడంటే తీర్పు చెప్పువాడు, నలుగురు లేచి నిలబడి నమస్కరించవలసినవాడు అన్న భావము. దొరలు వెళ్ళిపోయి, 1962లో తెలుగు బాప్తిస్టు సంఘముల సమావేశము ఏర్పడి, బాధ్యత మన చేతికి వచ్చిన తరువాత ఆ కుర్చీకి విలువ మరింత పెరిగినది. ఎందుకో వేరుగా చెప్పనక్కరలేదు. మిషను కాంపౌండులలోని భూమి గజము ఎంత పలుకుచున్నదో అందరికిని తెలియును. పరిచారకుల ఎన్నికలు పోలీసు స్టేషనుకు, కోర్టుకు ఎక్కిన ఊర్లు ఒకటి రెండు కావు.

ఇతరులను గూర్చి రాయుట సులభము. మా సంగతి కూడ చెప్పవలెను.

మేమును పన్నెండు సంవత్సరములు ఒక సంఘములో ఆ జాబితాలో ఉన్నవారమే. ప్రతి నెల ప్రభువు బల్ల ఆరాధన తరువాత బీదల నిధికి రెండవ కానుక పట్టెడివారు. దానిలో నుండి విధవరాండ్రకు, మంచము పట్టినవారికి కొంత ఇచ్చెడివారము. ఎవరికి ఇవ్వవలెనో జాబితా రాయుట పరిచారకుల పని. ఎవరి వీధిలోనివారి పేర్లు వారు చెప్పెడివారు. పల్లె నుండి కూతురింటికి వచ్చి చేరిన ఒక అవ్వ మా వీధులలో దేనిలోను లేదు. చెరువు కట్ట అవతల ఉండెడిది. ప్రతి ఆదివారము వెనుక వరుసలో చాప మీద కూర్చుండెడిది. మేము ఆమెకు నమస్కారము చెప్పెడివారము కూడ. కూతురికి పని పోయినది. పదకొండు నెలలు ఆ ఇంట ఒకపూట వంట. మాకు తెలియలేదు. ఆమె ఎం.జి.ఎం. ఆసుపత్రిలో చేరినదని ఎవరో చెప్పగా వెళ్ళి చూచితిమి. అప్పుడు అన్ని సంగతులు బయటపడినవి. "మాకు ఒక్కమాట చెప్పరాదా అవ్వా" అని అడిగితిమి. ఆమె నవ్వినది. "మీరు ఎవలు మా ఇంటికి రాలే గద బిడ్డా. పిలువని పేరంటానికి ఎట్ల వస్త?" అన్నది.

ఇంటికి వచ్చి ఆ యేటి మినిట్సు పుస్తకము తెరిచాము. పరిచారకుల కూటము తొమ్మిదిసార్లు జరిగినది. ఏడు కూటములు ప్రహరీ గోడను గూర్చి. రెండు మైకు సెట్టును గూర్చి. బీదల నిధి లెక్కలో పైసా తేడా లేదు, ఆడిటరుగారు మెచ్చుకొని సంతకము పెట్టినారు. ఆ సంతకమును చూచి మాకు సిగ్గు వేసినది.

అప్పుడొక సహోదరి మాతో అన్నమాట ఇప్పటికిని జ్ఞాపకమున్నది. "అయ్యగారూ, స్త్రీల సమాజములో అందరికీ తెలుసు. మమ్మల్ని ఎవరు అడిగారు?" కెంక్రేయ సంఘములో ఫీబే చేసిన పనికి పౌలు వాడిన మాట పరిచారకుల విషయములో వాడిన మాటే. తిమోతి పత్రికలో స్త్రీలను గూర్చి చెప్పిన వచనము పరిచారకుల భార్యలను గూర్చియా, పరిచర్య చేయు స్త్రీలను గూర్చియా అన్న వాదము ఈనాటిది కాదు. మన సంఘాలలో అందరును ఒకే అభిప్రాయముతో లేరు, ఉండవలెనని ఒత్తిడి చేయము. కాని స్త్రీలు లేని కూటములో విధవరాండ్ర జాబితా రాయుట ఎంత గుడ్డి పనియో మేము అనుభవము మీద చెప్పుచున్నాము. మన మిషను తొలినాళ్ళలో ఇంటింటికి తిరిగిన బైబిలు స్త్రీలకు ఏ ఇంట పొయ్యి రాజుకొనలేదో తెలిసియుండెడిది.

అమెరికాలోని దక్షిణ బాప్తిస్టు సంఘాలలో కూడ పరిచారకులు కంపెనీ డైరెక్టర్ల వలె తయారైనారన్న విమర్శ వచ్చినది. 1970లలో వారు ఒక పద్ధతిని ప్రచారములోనికి తెచ్చినారు. సంఘములోని కుటుంబములను పంచి, ఒక్కొక్క పరిచారకునికి కొన్ని ఇండ్లు అప్పగించుట. ఆ ఇండ్లలో జబ్బు, చావు, ఆకలి, పెండ్లి ఏది జరిగినను మొదట తెలిసికొనవలసినది అతడే. ఖర్చు లేని పద్ధతి. మా పాత సంఘములో ఆ అవ్వ సంగతి జరిగిన తరువాత దీనిని మొదలుపెట్టాము. చెరువు కట్ట అవతలి ఇండ్లు మాకే వచ్చినవి, అడిగి తీసికొన్నాము.

ఇక ఉత్తరము రాసిన సోదరునికి.

సోదరా, నూటికి మూడు రూపాయల వడ్డీ నీచ లాభమా కాదా అని మీరు నేరుగా అడుగలేదు గాని, మీ ప్రశ్న అదేనని మాకు తెలిసినది. నెహెమ్యా గ్రంథము అయిదవ అధ్యాయము తీయండి. కరవులో గింజల కోసము జనులు పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను తాకట్టు పెట్టినారు. పెట్టించుకొన్నవారు పరాయివారు కారు, సొంత సహోదరులే. నెహెమ్యాకు మిక్కిలి కోపము వచ్చినది. వారు తీసికొనుచున్నది నూరవ వంతు. అది నెలకు నూటికి ఒకటని వ్యాఖ్యానకర్తలు చెప్పుదురు. నూటికి ఒకటికే ఆయన మహా సమాజమును కూడబెట్టి, పొలములు, ఇండ్లు, ఆ నూరవ వంతు తిరిగి ఇచ్చివేయుడని అడిగినాడు. మన దగ్గర నడుచుచున్నది మూడు. పైగా మన తెలంగాణ సీమలో వడ్డీ వ్యాపారము చేయువారికి లైసెన్సు ఉండవలెనని 1349 ఫసలీ నాటి నైజాము చట్టమే చెప్పినది. సంఘము అడుగవలసిన ప్రశ్నను ప్రభుత్వము ముందే అడిగినదన్నమాట.

గుడికి స్లాబు వేయించినందుకు ఆయనకు కృతజ్ఞతలు చెప్పవచ్చును. (గోడకు రాతిపలక కూడ వేయుదురు కాబోలు; ఆ అలవాటు మాకు ఇష్టము లేదు.) స్లాబు వేరు, పరిచర్య వేరు. సహోదరుని ఇంటి కాగితాలు బీరువాలో ఉండగా అదే సహోదరునికి ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందించుట ఎట్లు కుదురునో ఆయనే ఆలోచించవలెను.

కాని ఈ మాట ఆయనతో చెప్పవలసినది మీరు కారు. అప్పు ఉన్నవాని నోట వచ్చిన మంచి మాట కూడ ఎగవేతకు సాకుగా వినబడును. మీరు పాస్టరుగారి దగ్గరకు వెళ్ళి, మాకు రాసిన సంగతినే చెప్పండి. ఆయనకు అప్పులేని ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకొని పాస్టరుగారు ఎన్నికకు ముందే ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్ళవలెను. సమావేశములో నలుగురి ముందు నిలదీయరాదు. మొదట ఒంటరిగా మాటలాడుమని ప్రభువు మత్తయి పద్దెనిమిదిలో చెప్పిన క్రమము ఇట్టివారి కొరకే. నెహెమ్యా తానును, తన వారును అప్పులిచ్చినవారమే అని ఒప్పుకొని ఆ మాట మొదలుపెట్టినాడు. వెళ్ళువారు దానిని గమనించవలెను. ఆయన విని, వచ్చిన వడ్డీని అసలులో జమకట్టి కాగితాలు తిరిగి ఇచ్చినచో, రెండేండ్లు చూచిన తరువాత ఆయన పేరు ప్రతిపాదించుటకు మేము కూడ వెనుకాడము. జక్కయ్య కథ మనకు తెలిసినదే.

రెండవది ఓటు. బాప్తిస్టు సంఘములో పాస్టరుగాని, పరిచారకుల కూటముగాని ఎన్నుకొనరు, సభ్యులందరును ఎన్నుకొందురు. ఆ హక్కు భయముతో చెయ్యి ఎత్తినప్పుడు పోయినట్టే. మీ నిబంధనల పుస్తకము తీసి చూడండి. చేతులెత్తియే జరుగవలెనని రాసియుండకపోవచ్చును, అలవాటుగా వచ్చియుండవచ్చును. చీటీల మీద రాసి పెట్టెలో వేయుదమని పాస్టరుగారే ప్రతిపాదించవచ్చును. మీరు అడిగినట్లు ఎవరికిని తెలియనక్కరలేదు. రాయడము రాని పెద్దవారికి పేర్లకు బదులు గుర్తులు పెట్టవచ్చును. మా ఎరుకలోని ఒక సంఘములో చింతగింజలు, కందిగింజలు వాడినారు. చక్కగా జరిగినది. మీ ఒక్కరికే కాదు, ఆ బీరువాలో ఇంకెందరి కాగితాలు ఉన్నవో వారందరికిని ఆ చీటీ మేలు చేయును.

ఇక మీ చివరి మాట. మీ పాపకు ఫీజు కట్టవలసిన రోజున సంఘములో ఇంకెవరును ఇవ్వలేదని రాశారు. ఆ రోజున మీ సంఘ పరిచారకులు ఎక్కడ ఉన్నారు? మీ ఇల్లు ఎవరి జాబితాలో ఉన్నది? వడ్డీ తీసికొన్నవాని కంటె, ఆ అవసరము తెలియనే తెలియని మిగిలినవారిని గూర్చి మాకు ఎక్కువ దిగులుగా ఉన్నది. స్లాబుకు లక్షలు పోగైన సంఘములో, వడ్డీ లేకుండ యాభై వేలు చదువుకు ఇచ్చి నెలకు 1,500 చొప్పున తిరిగి తీసికొను చిన్న నిధి ఉండినయెడల, మీ అప్పు మూడేండ్లు తిరుగకముందే, ముప్పదినాలుగవ నెలలో తీరియుండెడిది. ఈ లెక్కను సర్వసభ్య సమావేశములో ఎవరైనను లేచి చెప్పవచ్చును. ఏ ఒక్కరి పేరును ఎత్తనక్కరలేదు.

ఎన్నిక జనవరి రెండవ ఆదివారమని రాశారు. ఈ సంచిక మీ చేతికి అంతకుముందే చేరవలెనని పోస్టు త్వరగా వేయించుచున్నాము. ఏమి జరిగినదో మాకు రాయండి. పేరు రాయకపోయినను ఫరవాలేదు, మీ చేతివ్రాత మేము గుర్తుపట్టగలము. అమ్మాయి చదువు ఎంతవరకు వచ్చినదో కూడ రాయండి.